పన్నెండు నల్లగుడ్డలు

ఆయన పోయాడన్న కబురు వచ్చిన రోజు మా స్టాఫ్‌రూంలో రెండు నిమిషాలు లేచి నిలబడ్డాం. రెండో నిమిషంలో నేను గడియారం చూసుకున్నాను. ఆయన మా స్కూలు వదిలి అప్పటికి ఆరేడేళ్లయింది. నిలబడ్డవాళ్లలో ఆయన మొహం ఎరిగినవాళ్లం ముగ్గురమే. హెడ్మాస్టర్ గారు నావైపు తిరిగి, "ఆయన మీకు బాగ దగ్గర గద. మన సావనీర్‌కు నాలుగు ముక్కలు రాసియ్యున్రి" అన్నారు. రాసిచ్చాను. నిరాడంబరుడు, మృదుభాషి, విద్యార్థుల పాలిట కల్పవృక్షం. అచ్చులో చూసుకుంటే నామీద నాకే రోత పుట్టింది. మృదుభాషి ఏమిటి, నా తలకాయ!

ఆయనంటే నాకు ఇష్టం ఉండేది కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకూ తేలిక, చదివేవాళ్లకూ తేలిక.

హనుమకొండలో మా హైస్కూల్లో ఆయన క్రాఫ్ట్ టీచరు. అంటే పిల్లలకు నేత నేర్పే మాస్టారు. డెబ్బైలలో ఇంకా అలాంటి పీరియడ్లు ఉండేవి. మేమంతా డిగ్రీలూ బీఎడ్లూ తగిలించుకున్న 'సార్'లం. ఆయన ఒక్కడే 'మగ్గం సార్'. చప్రాసీ టీ కూడా ఆయనకు ఆఖరున ఇచ్చేవాడు. ఆయన ఇల్లు వరంగల్‌లో తమ్ముళ్లు మరమగ్గాలు నడిపే సందులోనే ఉండేది. ఏళ్ల తరబడి ఆ దడదడలో ఉన్నాడేమో, చెవులు కాస్త మందం. ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలి. మొదటిసారికి "ఆఁ?" అనేవాడు. రెండోసారి చెప్పగానే, తనకు ముందే తెలిసినట్టు "అదే గద" అనేవాడు.

పొట్టి మనిషి. నూనె రాసి అణచిన జుట్టు. చేతికి ఏది వచ్చినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రాసి చూసేవాడు. పరీక్ష పేపరైనా, పెళ్లి కార్డైనా, కట్టుకున్న పంచె అంచైనా అంతే. ఏదన్నా తేడా కనిపిస్తే "పోగు దప్పింది" అనేవాడు. కాజీపేట బస్సు ఆలస్యమైతే పోగు తప్పినట్టు. లెక్కల సారు అల్లుడు ఉద్యోగం పోగొట్టుకుంటే పోగు తప్పినట్టు. పక్కింటి పిల్ల ఎవరితోనో లేచిపోయిన రోజు కూడా ఆమె తండ్రి ముందే, ఏ మాత్రం దురుద్దేశం లేకుండా, "పోగు దప్పింది గదనే" అని ఆ ముసలాయన చేత తిట్లు తిన్నాడు.

ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లవాడు మూడు వారాలు కూర్చుని తువ్వాల నేశాడు. ఇంకో జానెడైతే అయిపోతుంది. ఈయన వచ్చి వేళ్లతో తడుముకుంటూ పోయి మొదట్లో ఎక్కడో ఒక్క పోగు తప్పిందని కనిపెట్టాడు. కత్తెర తీసి అక్కడికి కోసేశాడు. పిల్లవాడు బోరుమన్నాడు. "ఏడిస్తే పోగు రాదు బిడ్డా, మల్ల నెయ్యి" అని వెళ్లిపోయాడు. కోపం లేదు, జాలి లేదు. మనుషులు గుడ్డలు కారన్న ఇంగితం ఆ మనిషికి లేదని నేను స్టాఫ్‌రూంలో చాలాసార్లు అన్నాను.

నిజం చెప్పాలంటే నా బాధ ఆ పిల్లవాడి గురించి కాదు. దానికి ముందు ఏడాది జరిగిన ఒక ముచ్చట నా కడుపులో అలాగే ఉంది. నేను కొత్తగా టెర్రికాట్ చొక్కా కుట్టించుకున్నాను. తొర్రూరు పక్క పల్లెలో తెలుగు మీడియంలో చదువుకుని, పడీ లేచీ ఇంగ్లీషు టీచరునై, జీవితంలో మొదటిసారి మంచి గుడ్డ కట్టిన రోజు అది. అప్పట్లో మా స్కూలుకు సైన్సు మేడం కొత్తగా వచ్చింది. ఆమె ఎదురుగా కూర్చుని నేను ఏదో ఇంగ్లీషులో గొప్పలు పోతున్నాను. మగ్గం సారు వచ్చి నా చొక్కా అంచు రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"సార్, గిది సెకండ్స్ మాల్. జూడున్రి, ఈడ పోగు దప్పింది. దుక్నపోడు మిమ్ముల మోసం జేసిండు."

మేడం నవ్వాపుకుంది. ఆపుకున్న నవ్వు బయటికి వచ్చిన నవ్వుకన్నా పాడుది. ఆ చొక్కా నేను మళ్లీ తొడగలేదు.

ఇలాంటి మనిషి ఇంట్లో చెక్క ఓడలు కట్టేవాడంటే ఎవరు నమ్ముతారు? అసలు సముద్రం ముఖమే చూడలేదాయన. వాళ్ల ఇంటి దగ్గరి చర్చిలో ఒక విదేశీ ఫాదర్ ఉండేవాడట. చర్చికి తెరలు నేసి ఇచ్చిన పరిచయంతో, ఆ ఫాదర్ తన దేశానికి తిరిగిపోతూ మూడు పెట్టెలు ఈయన చేతిలో పెట్టి పోయాడు. ఆ పెట్టెల్లో ఓడ భాగాలన్నీ విడివిడిగా ఉంటాయి. పుల్లల్లాంటి సన్నని చెక్కపట్టీలు, పక్కటెముకల్లాంటి చెక్కలు, తెరచాపల గుడ్డ, దారపు ఉండలు, ఇత్తడి మేకులు. పుస్తకంలో చెప్పినట్టు అతుక్కుంటూ పోతే మూరెడు ఓడ తయారవుతుంది. దొరలు తీరిక వేళల్లో ఆడుకునే ఆట. మొదటి రెండూ చిన్న పడవలు. మూత మీద బొమ్మలు చూసి ఆయనే కట్టేశాడు. మూడోది మూడు స్తంభాల పెద్ద ఓడ. చర్చి స్టోరులో ఉండగానే దాని మూతనూ, లోపల పరిచే పెద్ద నక్షానూ చెదలు తిన్నాయి. మిగిలింది నాలుగు భాషల్లో ఉన్న చిన్న పుస్తకం. అందులో ఒక భాష ఇంగ్లీషు. నా ప్రవేశం అలా జరిగింది.

ఆదివారాలు వెళ్లేవాణ్ని. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసేవాడు. ఆయన భార్య మంచంలోనే ఉండేది. వెన్నులో టీబీ. వారానికి రెండుసార్లు రిక్షాలో దవాఖానకు తీసుకుపోయి సూదులు వేయించేవాడు. ఆమె పడుకున్నచోటి నుంచే ఓడ దారాలకు మైనం రాసిపెట్టేది. నన్ను చూసి, "గీ పడవల గూసోని ఏడికి బోతడో జర అడుగున్రి సారూ, నన్నైతే తోల్కపోడట" అనేది. ఆయన వినపడనట్టు ఉండేవాడు. ఆ ఒక్క మాట మాత్రం మొదటిసారికే వినపడేదని నా అనుమానం.

చెక్కపట్టీని వేడినీళ్లలో నానబెట్టి, కుండ మూతి మీద మెల్లగా వంచి, వడ్లవాళ్లు వాడే సరేసు బంకతో అతికేవాడు. ఓడ కడుపు అంతా అయిపోయాక ఒక పట్టీ దగ్గర వెంట్రుక సందు కనిపించిందని మొత్తం ఊడబీకాడు. మళ్లీ కట్టాడు, మళ్లీ ఊడబీకాడు. మూడోసారి కట్టాక కళ్లు మూసుకుని దానిమీద వేళ్లు ఆడించి చూశాడు. నేనూ ఆడించి చూశాను. అతుకు ఎక్కడుందో తెలియలేదు. ఒప్పుకోక తప్పదు, అంత మంచి పని నేను నా చేతులతో ఎన్నడూ చేయలేదు.

అలా సగంలో ఉండగా పైనుంచి ఆర్డరొచ్చింది. నేత పీరియడ్లు బంద్. వచ్చే జూన్ నుంచి ఆయన్ని ఏటూరునాగారం అడవిలోని హాస్టల్ స్కూలుకు పంపుతారు. ఆ రోజు ఆయన హెడ్మాస్టర్ గది ముందు గంటసేపు నిలబడ్డాడు. ఏటూరునాగారంలో సూదులు వేసే దవాఖాన లేదు. వరంగల్ రావాలంటే సగం రోజు బస్సు. వానాకాలం వాగులొస్తే ఆ బస్సూ ఉండదు. హెడ్మాస్టర్ చెడ్డవాడేమీ కాదు. "ఏదో చెక్కపని చేస్తున్నరంట గద. ఏప్రిల్‌ల జిల్లా ఎగ్జిబిషనున్నది. దానికి ప్రైజొస్తే, ఈ సారు నేత ఒక్కటే కాదు, వేరే పనులు గూడ నేర్పుతడని రాసి మిమ్ముల ఈడనే ఉంచమని అడుగుత" అన్నాడు.

అప్పటి నుంచి ఆ ఓడ ఆట కాలేదు. ఆమె సూదిమందు అందులో ఉంది. ఆ ఇంట్లో ముగ్గురికీ ఆ సంగతి తెలుసు, నాతో కలిపి.

ఫిబ్రవరిలో అనుకుంటాను, స్తంభాలు నిలబెట్టే పేజీకి వచ్చాం. సామాన్ల పట్టీలో ఒక లైను ఉంది. ష్రౌడ్స్, పన్నెండు, నల్లదారం. కింద, వాటిని స్తంభాలకు రెండు పక్కలా బిగించాలని ఉంది. ఆ మాట నేను అంతకుముందు ఎక్కడా చదివి ఉండలేదు. తెలియదు అంటే అయిపోయేది. ఇంగ్లీషు సారు, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నవాడు, మైనం రాస్తున్న ఆవిడ ముందు తెలియదని ఎలా అంటాడు? సంచిలోంచి నా చేతి డిక్షనరీ తీశాను. శవముపై కప్పు వస్త్రము అని ఉంది.

"కఫన్లు" అన్నాను.

"ఆఁ?"

"కఫన్లు సార్! సచ్చినోళ్ల మీద కప్పే గుడ్డలు!" అని అరిచాను. మంచంలో ఆవిడ చెయ్యి దారం మీద ఆగిపోయింది.

"పన్నెండా? మరి నల్లదారమెందుకిచ్చిన్రు సార్? కఫన్ తెల్లగుంటది గద."

నాకు అప్పుడు గొప్ప తెలివి పుట్టుకొచ్చింది. "మనకు తెలుపు. దొరలకు నలుపు. చావింట్ల వాళ్లు నల్లబట్టలే తొడుగుతరు" అన్నాను.

ఆయన కాసేపు ఆ దారపు ఉండను వేళ్లమధ్య రాశాడు. మెల్లగా మొహం విప్పారింది. "అదే గద! నెలలకు నెలలు నీళ్ల మీద పోవాలె. నడిమిట్ల ఎవడన్న సస్తే గుడ్డ ఏడ దొరుకుతది? అందుకే ముందుగాల్నే పన్నెండు కట్టుకోని బయలెల్తరు. ఎంత ముందుసూపు సార్ వాళ్లది!"

నేను తల ఊపాను. ఆ క్షణాన నాకూ దొరల ముందుచూపు మీద నిజంగానే గౌరవం కలిగింది.

వేరే ఎవరైనా అయితే ఆ దారం చుట్టి ఓ మూల పెట్టేవాడు. ఈయన నేతవాడు. పలక చట్రానికి గుండుసూదులు కొట్టి, దానిమీద పడుగు లాగి, ఆ నల్లదారాన్ని విప్పి పీచు పీచుగా చేసి, అగ్గిపెట్టెంత గుడ్డ నేశాడు. ఒక్కోదానికి మూడు రోజులు. ఏడోదానిలో ఒక పోగు తప్పిందని కోసేసి మళ్లీ నేశాడు. పన్నెండింటికీ సన్నని అంచు కూడా పెట్టాడు. స్తంభాల పక్కన వరసగా వేలాడదీసి నన్ను పిలిచి చూపించాడు. అంత చక్కని నేతను అంత పనికిరాని చోట ప్రపంచంలో ఎవడూ పెట్టి ఉండడు.

పనికిరానిదని నాకెప్పుడు తెలిసింది? ఎగ్జిబిషన్‌కు పదకొండు రోజుల ముందు. లైబ్రరీలో వేరే పనిమీద పెద్ద డిక్షనరీ తిరగేస్తూ ఊరికే ఆ మాట చూశాను. మొదటి అర్థం నేను చెప్పిందే. రెండో అర్థం, ఓడ స్తంభాలు పడిపోకుండా రెండు పక్కలా బిగించే తాళ్లు. ఆ లైను మూడుసార్లు చదివి పుస్తకం మూసేశాను.

పదకొండు రోజులు. ఒక్క మాట చెబితే ఆయన నాలుగు రోజుల్లో ఆ గుడ్డలు పీకి తాళ్లు బిగించేవాడు. చెప్పాలంటే, నాకు ఇంగ్లీషు రాదని చెప్పాలి. దానికితోడు ఆ సెకండ్స్ చొక్కా గుర్తొచ్చింది. అబద్ధమెందుకు, లైబ్రరీ మెట్లు దిగుతుంటే లోపలెక్కడో సంతోషం వేసింది. మధ్యలో ఒక ఆదివారం వాళ్లింటికి కూడా వెళ్లాను. ఆయన టీ తేవడానికి పోయినప్పుడు ఆవిడ నన్ను మెల్లగా అడిగింది.

"సారూ, ప్రైజొస్తదా? నిజం జెప్పున్రి. ఆయినె నన్ను ఫికర్ జెయ్యకు అంటడు, తను నిద్రవోడు."

"ఫస్ట్ క్లాసుగున్నదమ్మా" అన్నాను. టీ తాగి వచ్చేశాను.

ఎగ్జిబిషన్‌లో జడ్జీగా వచ్చినాయన నేవీలో పనిచేసి రిటైరై మా ఊళ్లో ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. హెడ్మాస్టర్ దాన్ని అదృష్టమన్నాడు. జడ్జీ వచ్చి ఓడ ముందు కూలబడినట్టుగా వంగాడు. కడుపు మీద వేళ్లు ఆడించి, "ఇది మీరే కట్టారా? ఇంత నీటైన పని నేను ఎక్కడా చూళ్లేదండీ" అన్నాడు. మగ్గం సారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు. హెడ్మాస్టర్ నావైపు చూసి కన్ను గీటాడు. అప్పుడు జడ్జీ తల పైకెత్తాడు.

"ఈ నల్లవేమిటి?"

"ష్రౌడ్స్ సార్."

"ష్రౌడ్సా? ఇవా?"

"ఔ సార్, కఫన్లు. సముద్రంల ఎవరన్న సస్తె కప్పుతందుకు. పన్నెండున్నయ్."

జడ్జీ ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత నవ్వాడు. బల్ల పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఇంగ్లీషులో పక్కవాళ్లకు చెప్పాడు, వాళ్లూ నవ్వారు. మా పిల్లలూ నవ్వారు. ఎందుకో తెలియకుండానే సైన్సు మేడం కూడా నవ్వింది. "అవి తాళ్లండీ బాబూ! అవి లేకుంటే మొదటి గాలికే మీ స్తంభాలు పడిపోతాయి. ఎవరు చెప్పారు మీకీ కఫన్ల సంగతి?"

మగ్గం సారు నవ్వలేదు, సిగ్గుపడలేదు కూడా. పని తప్పిందంటే ఎక్కడ తప్పిందో వెతకాలి, అంతే ఆయనకు. నావైపు తిరిగి వేలు చూపించాడు. "మా ఇంగ్లీష్ సార్ జెప్పిండు."

అందరూ నావైపు చూశారు.

"నేనా?" అన్నాను. "తాళ్లనే చెప్పాను. ఆయనకు చెవులు మందం, వేరేగా వినపడినట్టుంది."

"ఆఁ?" అన్నాడాయన.

రెండోసారి కూడా చెప్పాల్సి వచ్చింది. ఇంకా గట్టిగా, హాలంతా వినపడేట్టు, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. "తాళ్లని జెప్పిన సార్ నేను. మీకు ఇనబడలే."

ఆయన నన్ను కాసేపు చూశాడు. చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "అదే గద" అన్నాడు.

ప్రైజు నిప్పులు కక్కే అగ్నిపర్వతం బొమ్మకు వచ్చింది. అలాంటివి ఆ హాల్లోనే మూడున్నాయి. హెడ్మాస్టర్ ఆ ఉత్తరం రాయలేదు. నవ్వులపాలైన మనిషి కోసం పై ఆఫీసు ముందు తానూ నవ్వులపాలు కావడం ఎందుకనుకున్నాడు. పిల్లలు 'కఫన్ సార్' అని పేరు పెట్టారు. ఆ పేరును స్టాఫ్‌రూంలోకి తెచ్చింది మాత్రం పిల్లలు కాదు, నేను. జూన్‌లో ఆయన భార్యను పరుపుతో సహా లారీలో పడుకోబెట్టి ఏటూరునాగారం తీసుకుపోయాడు. ఓడ ఏమైందో నేను అడగలేదు.

మూడేళ్ల తర్వాత టెన్త్ పరీక్షలకు నాకు ఏటూరునాగారంలో డ్యూటీ పడింది. ఆయన కంటపడకుండా నాలుగు రోజులు నెట్టుకొచ్చాను. ఐదో రోజు మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్ పట్టుకుని నా గదికి ఆయనే వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. "మీరొచ్చిన్రని ఇయ్యాలనే తెలిసింది సార్. హోటల్ కూడేం తింటరు" అని కింద కూర్చుని పళ్లెం సర్దాడు. అన్నం, గోదారి చేపల పులుసు.

ఇంట్లో ఎలా ఉన్నారని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఆమె పోయి రెండేండ్లు గావస్తున్నది సార్. వచ్చిన యాడాది మంచిగనే వరంగల్ తోల్కపోయిన. తర్వాత వానకాలం వాగులొచ్చినై. మూడు వారాలు బస్సులు బంద్. సూదులు దప్పినై." పులుసు గిన్నె మూత రెండు వేళ్లమధ్య రాశాడు. తర్వాత నాకు ఎదురుగా సర్దుకుని కూర్చున్నాడు. "మీతోటి ఒక మాట జెప్పాల్నని శాన దినాల సంది అనుకుంటున్న. ఆనాడు ఎగ్జిబిషన్ల నలుగురి ముంగట మీ పేరు దీసిన. మీరు ఆదివారాలన్ని ఇడిసిపెట్టి నాకోసం వచ్చిన్రు, నేనేమో సరిగ్గ ఇనక మీ ఇజ్జత్ దీసిన. ఆమె గూడ అన్నది, ఆ సారుకు మాఫీ జెప్పు అని. పోయేముందు గూడ అన్నది. తప్పైంది సార్. మనసుల వెట్టుకోకున్రి."

ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం. జడ్జీ లేడు, హెడ్మాస్టర్ లేడు, మేడం లేదు. ఆయనకు దక్కాల్సిందేదీ మిగల్లేదు. నేను నిజం చెబితే నాకు పోయేదీ ఏమీ లేదు. ఆయన నా మొహంలోకి చూస్తూ ఎదురుచూస్తున్నాడు. నిజంగా భయంతో చూస్తున్నాడు, నేను ఏమంటానో అని.

"పోనియ్యున్రి సార్" అన్నాను. "నేను అప్పుడే మర్సిపోయిన."

ఆయన రెండు చేతులూ జోడించాడు. కళ్లు తుడుచుకుని, మొహం తేటపడి, నా పళ్లెంలో ఇంకో చేపముక్క వేశాడు. నేను తిన్నాను.